బాయిలర్ యాదగిరి పురిటి సెలవు

2024 ఆషాఢంలో మా కార్ఖానాలో ఏమేం పోయాయో ముందు చెబుతాను. నర్సింలుకు మేనకోడలి ఇంట్లో బోనాల దావత్ పోయింది. జిలానీకి బావమరిదితో అనుకున్న బీదర్ ప్రయాణం పోయింది. ఒడిశా నుంచి వచ్చిన ప్రదీప్‌కు ఒక ఆదివారం నిద్ర పోయింది. మా ప్లాంట్ మేనేజర్ మూర్తిగారికి ఒక తెల్ల చొక్కా పోయింది. యాదగిరికి ఎనిమిది రోజుల సెలవు దేనికీ అక్కరకు రాకుండా పోయింది. కొట్టేసి రాయడంలో నా రబ్బరు ఒకటి పూర్తిగా అరిగిపోయింది. ఇన్ని పోగొట్టుకొని అందరం ఇంత సంతోషంగా ఉన్న నెల నా ఉద్యోగంలో మరొకటి లేదు.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు తయారుచేసే కార్ఖానా మాది. చుట్టుపక్కల మందుల కంపెనీలకు పెట్టెలు ఇక్కడి నుంచే పోతాయి. నేను అక్కడ టైమ్ ఆఫీస్ చూస్తాను. ఎవరు ఏ షిఫ్టులో ఉన్నారు, ఎవరికి ఎన్ని సెలవులు మిగిలాయి, ఎవరి ఓవర్‌టైమ్ ఎంత అనేది తేల్చేది ఈ గదిలోనే. నా చదువు పదో తరగతితో ఆగింది. మొదట జిగురు సెక్షన్‌లో కూలికి చేరాను. అంకెలంటే ఇష్టం కాబట్టి గోడకు అంటించిన చట్టాల నోటీసులన్నీ మధ్యాహ్నం భోజనం వేళ చదివేదాన్ని. అర్థం కానివి కనిపించినవాళ్లందరినీ అడిగేదాన్ని. అట్లా ఈ కుర్చీకి వచ్చాను. అందరూ విజయక్క అంటారు.

ఈ సంగతి అర్థం కావాలంటే బాయిలర్ గురించి కొంచెం తెలియాలి. మా మెషిన్‌లో కాగితం వంపులు తిరిగి, ఒకదానికొకటి అతుక్కోవాలంటే ఆవిరి కావాలి. బాయిలర్ ఆగితే కార్ఖానా ఆగినట్టే. మండుతున్న బాయిలర్ దగ్గర సర్కారు సర్టిఫికెట్ ఉన్న మనిషి, అంటే బాయిలర్ అటెండెంట్, ఎప్పుడూ ఉండి తీరాలి. చాయ్ తాగడానికి పోవాలన్నా మరో సర్టిఫికెట్ మనిషికి అప్పజెప్పి పోవాలి. మాకు అలాంటివాళ్లు నలుగురు: యాదగిరి, నర్సింలు, జిలానీ, ప్రదీప్. మూడు షిఫ్టులకు ముగ్గురు, వాళ్ల వారపు సెలవులకు బదులుగా నాలుగోవాడు. ఒక్కడు తగ్గితే మిగిలిన ముగ్గురికీ వారపు సెలవు ఉండదు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం యాదగిరి, అతని భార్య శాంత కలిసి నా దగ్గరికి వచ్చారు. శాంత కూడా మా దగ్గరే, పేస్టింగ్ సెక్షన్‌లో పెట్టెల అంచులు అతికిస్తుంది. మొదటి కాన్పు. నెలలు నిండుతున్నాయి.

“అక్కా, ముందుగాల నా లెక్క తేల్చు. గీనకు తర్వాత చెప్పు,” అంది శాంత, కుర్చీలో జాగ్రత్తగా కూర్చుంటూ.

ఆమె లెక్క తేలిక. ఈఎస్ఐ, అంటే సర్కారు కార్మిక బీమా, చందా కట్టే కార్మికురాలు ఆమె. కాన్పుకు ముందు ఏడాది చందా సరిపడా రోజులు కట్టి ఉంటే, మొదటి రెండు కాన్పులకు ఇరవై ఆరు వారాల సెలవు వస్తుంది. ఆ రోజులకు జీతం సగటున ఎంత పడుతుందో అంతా ఈఎస్ఐ వాళ్లే ఇస్తారు. అందులో ఎనిమిది వారాలకు మించి కాన్పుకు ముందు వాడుకోకూడదు. ముందు ఎంత తక్కువ వాడితే బిడ్డ పుట్టాక అంత ఎక్కువ మిగులుతుంది.

“ఓపిక ఉన్నన్ని దినాలు పని చెయ్యి. డాక్టరమ్మ వద్దన్న దినం ఆగు,” అన్నాను.

“మరి నాకెన్ని వారాలక్కా?” అన్నాడు యాదగిరి.

“నీకా? నువ్వేమన్న కంటున్నవా?”

శాంత నవ్వింది. అతను నవ్వలేదు. “కనకున్నా నీళ్లు పొయ్యాలె గదక్కా. ఎవలు పోస్తరు?”

అప్పుడు గుర్తొచ్చింది. మా వైపు మొదటి కాన్పు తల్లిగారింట్లో జరగాలి. ఇరవై ఒక్క రోజులు బాలింత చన్నీళ్లలో చెయ్యి పెట్టకూడదు. పసిబిడ్డకు నీళ్లు పోయడం, బాలింతకు పత్యం వండిపెట్టడం, బట్టలు ఉతకడం అన్నీ తల్లి చూస్తుంది. ఇరవై ఒకటో రోజు బిడ్డను తొట్టెలలో వేస్తారు. శాంతకు తల్లి చిన్నప్పుడే పోయింది. యాదగిరి తల్లి పోయి రెండేళ్లు. పోతిరెడ్డిపల్లిలో కిరాయి ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే.

“నీళ్లు పోసుడు నీకొస్తదా?” అని అడిగాను.

“మా అక్కకు ఇద్దరు పిల్లలైతే పోసింది నేనే. కాళ్లు సాపుకొని, కాళ్ల మీద పండుకోబెట్టుకొని పొయ్యాలె. మెడ కింద చెయ్యి పెట్టాలె,” అంటూ కుర్చీలోనే కాళ్లు చాపి చూపించాడు.

“నాకు తల్లిగారిల్లు గీయనే అక్కా,” అంది శాంత. నవ్వుతూనే అన్నది గాని కళ్లు తుడుచుకుంది.

ప్రైవేటు కంపెనీల్లో తండ్రికి చట్టం ఇచ్చే సెలవు సున్నా. ఈ మాట చెప్పడం నాకు కొత్త కాదు. కాని ఆ రోజు ఆ మాట పక్కన పెట్టాను. అతని లెక్క తీసి చూశాను. ఈఎల్, అంటే పనిచేసిన రోజుల మీద జమయ్యే సెలవు, పద్దెనిమిది రోజులు ఉంది. ఏడాదంతా ఎక్కడికీ పోకుండా దాచుకున్నాడు. మూడు వారపు సెలవులు కలిపితే సరిగ్గా ఇరవై ఒకటి.

“లెక్క కుదిరింది, ఇగ ఫికర్ చెయ్యకు,” అన్నాను. కుదరాల్సింది ఇంకోటి ఉందని మేనేజర్ గదిలోకి పోయాక తెలిసింది.

మూర్తిగారు తణుకు వైపు మనిషి. కోపిష్టి కాదు, కాని రూలు దగ్గర కదలరు.

“పురుడు పోయడానికి మగాడెందుకండీ? ఆడవాళ్లెవరూ లేరా?”

“లేరు సార్. అదే సంగతి.”

“విజయగారూ, మనుషులుంటే ఇవ్వనా? కాని బాయిలర్ దగ్గర ముగ్గురే మిగులుతారు. సెలవు లేకుండా పది రోజులకు మించి ఎవర్నీ వరసగా నిలబెట్టకూడదు. ఇన్‌స్పెక్టర్ వస్తే అడిగేది నన్ను, యాదగిరిని కాదు.”

ఆయన మాట నిజం. కాంట్రాక్టు మీద అటెండెంటును ఇచ్చే ఏజెన్సీకి నా ముందే ఫోన్ చేశారు. మూడు నెలలకు తక్కువైతే పంపలేమన్నారు వాళ్లు. “పది రోజులు తీసుకోమనండి. పదకొండో రోజు బాయిలర్ ముందు ఉండాలి,” అన్నారు ఆయన.

నేనా మాట చెప్తే, పది రోజుల్లోనే ఎట్లా సర్దుకోవాలో ఆలోచించుకుంటూ యాదగిరి వెళ్లిపోయాడు. రాబోయే నెల రోస్టర్, అంటే ఎవరు ఏ రోజు ఏ షిఫ్టో తెలిపే పట్టీ, మా దగ్గర ఇరవై ఐదో తేదీకే గోడకెక్కాలి. అందుకే డాక్టరమ్మ చెప్పిన తేదీ నుంచి పది రోజులు రాశాము. ముగ్గురూ తమ వారపు సెలవులు వదులుకోవడానికి ఒప్పుకున్నారు. తర్వాత రెండు నెలల్లో బదులు సెలవులు ఇప్పించే పూచీ నాది. వదులుకున్నవాటిలో నర్సింలు మేనకోడలి ఇంటి బోనాల దావత్ కూడా ఉంది.

“దావత్ పోతే పోయింది. వీడు బిడ్డకు నీళ్లు పోస్తుంటె సూడాలె నేను,” అన్నాడు నర్సింలు.

డాక్టరమ్మ తేదీ వచ్చింది. యాదగిరి ఇంట్లో కూర్చున్నాడు. బిడ్డ రాలేదు.

మర్నాడూ రాలేదు. మూడో రోజూ రాలేదు. షిఫ్టు మారినప్పుడల్లా బాయిలర్ దగ్గరి నుంచి ఫోన్ పోయేది. దిగేవాడు ఒకసారి, ఎక్కేవాడు ఒకసారి.

“ఏమైందిరా?” అని నర్సింలు.

“ఏం కాలే కాకా. ఇడ్లీ తింటున్నది.”

“క్యా మియా, మా సండే తింటున్నవ్, బచ్చాను మాత్రం తెస్తలేవ్!” అని జిలానీ.

“భాయ్, ఆజ్ భీ నహీ?” అని ప్రదీప్.

నాలుగో రోజుకు శాంతే ఫోన్ లాక్కుని తిట్టింది. “మీరు గిట్ల గంటకోసారి పరేషాన్ చేస్తే లోపలున్నది భయపడి వస్తలేదు!” ఆ మాట కార్ఖానా అంతా తిరిగింది. పేస్టింగ్ సెక్షన్ ఆడవాళ్లు ఏ రోజు పుడుతుందో పందేలు కాశారు. నేను కూడా ఒక రోజు చెప్పి ఓడిపోయాను.

నవ్వులు నవ్వులే గాని నేను రోజులు లెక్కపెడుతున్నాను. ఇచ్చిన పది రోజుల్లో ఎనిమిది వట్టిగా పోయాయి. రేపో ఎల్లుండో కాన్పు అయితే, ఆసుపత్రి నుంచి బిడ్డ ఇంటికి వచ్చే రోజుకు తండ్రి డ్యూటీలో ఉంటాడు. బాలింత ఒక్కతే.

తొమ్మిదో రోజు పొద్దున యాదగిరి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. “అక్కా, నన్ను డ్యూటీల ఏసుకో. మిగిలిన రెండు దినాలన్న ఆగుతయి. బిడ్డ వచ్చినంక తీసుకుంట.”

శాంతను అడిగే వచ్చాడట. నొప్పులేమీ లేవు, కింది వాటాలో ఇంటి ఓనరమ్మ రాజమణి ఉంది. మూర్తిగారు సరేనన్నారు. రోస్టర్ చెరిపి మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా ఉండే బీ షిఫ్టులో అతని పేరు రాశాను. దాంతో జిలానీకి ఆ రోజు సెలవు దొరికింది.

సాయంత్రం అయిదుంబావుకు రాజమణి నాకు ఫోన్ చేసింది. “ఓ విజయమ్మా, బిడ్డకు నొప్పులొస్తున్నయి. ఆటోల సంగారెడ్డి దవాఖానకు తీస్కపోతున్న. మొగన్ని జల్దీ రమ్మను.”

బాయిలర్ హౌస్‌కు పరుగెత్తాను. యాదగిరి మాట విని ముందు ఆవిరి ప్రెషర్ చూపే గేజ్ వైపు చూశాడు. “ఆర్పేస్త అక్కా.”

“ఆర్పినా చల్లారేదాక గంటన్నర నువ్వే ఉండాలె గద.”

“ఉండాలె,” అన్నాడు. “అంతసేపు అది ఒక్కతే ఉంటది.”

నేను ఒక్కొక్కరికీ ఫోన్ కలిపాను. నర్సింలు పొద్దున షిఫ్టు చేసి వెళ్లాడు, మళ్లీ నిలబెట్టడానికి రూలు ఒప్పుకోదు. ఒప్పుకున్నా ఊరు చేరిపోయాడు. జిలానీ దొరికిన సెలవుతో పిల్లలను తీసుకొని జహీరాబాద్‌లో ఉన్నాడు. ప్రదీప్ రాత్రి షిఫ్టు కోసం నిద్రపోతున్నాడేమో అనుకున్నాను, ఫోన్ ఎత్తడం లేదు. గదికి మనిషిని పంపాను. తాళం వేసి ఉందని కబురొచ్చింది.

అప్పుడే మూర్తిగారు ఇంటికి పోవడానికి కారు తాళాలు పట్టుకుని అటు వచ్చారు. ఆయనకు అప్పటికే విషయం తెలిసింది. ఒక నిమిషం గేజ్ వైపు, ఒక నిమిషం యాదగిరి వైపు చూశారు.

“విజయగారూ, నా గది గోడ మీద ఉన్నదేంటో ఎప్పుడైనా చూశారా?”

“లక్ష్మీదేవి ఫొటో సార్.”

“దాని పక్కన.”

“చూడలే సార్.”

“బాయిలర్ ఆపరేషన్ ఇంజినీర్ సర్టిఫికెట్ అండీ. అటెండెంట్ సర్టిఫికెట్ కన్నా పైది.” కొంచెం సిగ్గుపడ్డట్టు గొంతు తగ్గించారు. “బాయిలర్ ముట్టుకుని పదకొండేళ్లయింది.”

యాదగిరి ఎగిరి గంతేస్తాడనుకున్నాను. కదల్లేదు. బాయిలర్‌కూ మేనేజర్‌కూ మధ్య నిలబడ్డాడు.

“సార్, ఏమనుకోకుండ్రి. ముందు గేజ్ గ్లాస్ బ్లో చేసి చూపెట్టుండ్రి.”

బాయిలర్‌లో నీళ్ల మట్టం చూపించే గాజు గొట్టం అది. దాని కవాటాలు వరసగా తిప్పి, ఆవిరి ఊదించి, నీళ్లు మళ్లీ సరైన మట్టానికి వస్తున్నాయో లేదో చూడాలి. షిఫ్టు చార్జి తీసుకునే ప్రతి అటెండెంటూ, దిగిపోయేవాడి ముందు ఇది చేసి చూపాలి. మా బాయిలర్ దగ్గర నర్సింలు పెట్టిన పద్ధతి. ఇరవై ఏళ్లుగా ఎవరూ తప్పలేదు.

“నాకు పరీక్ష పెడుతున్నావా?”

“రూల్ సార్. చార్జి తీసుకునేటోడు చూపెట్టాలె. నా పెండ్లాం దవాఖానల ఉన్నా చూపెట్టాలె.”

మూర్తిగారు కారు తాళాలు నా చేతిలో పెట్టారు. చొక్కా చేతులు మడిచారు. మొదటి కవాటం అటు తిప్పబోయి ఇటు తిప్పారు. యాదగిరి పక్కకు వంగి గొట్టం వైపే చూశాడు. రెండోది తిప్పారు, మూడోది తిప్పారు. బుస్సుమని ఆవిరి వచ్చి, మసి నీళ్లు ఆ తెల్ల చొక్కా మీద గుండీల వరస పొడుగునా పడ్డాయి. గొట్టంలో నీళ్లు లేచి సరిగ్గా మట్టం దగ్గర నిలిచాయి.

“పాస్ సార్!” అని అరిచి యాదగిరి పరుగు అందుకున్నాడు.

సదాశివపేటకు పెట్టెల లోడుతో బయలుదేరిన బండి గేటు దాటుతోంది. వెనుక నుంచి ఈలలు వేసి ఆపాము. డ్రైవర్ పక్కన కూర్చుని పోయాడు. ముంబై రోడ్డు మీద ఆ లోడు బండి ఎప్పుడూ పోనంత జోరుగా పోయిందని డ్రైవర్ తర్వాత చెప్పాడు. ఎంత జోరుగానో నేను అడగలేదు, చెప్తే చలాను లెక్క వేయాల్సి వచ్చేది.

ఏడు గంటల నలభై నిమిషాలకు బాయిలర్ హౌస్ ఫోన్ మోగింది. మూర్తిగారే ఎత్తారు. ఆ అరుపు నా దాకా వినిపించింది.

“సార్, ఆడపిల్ల! ఇద్దరు మంచిగున్నరు! ప్రెషర్ ఎంతున్నది సార్?”

“పది ఉందయ్యా! నీ ప్రెషర్ సంగతి చూసుకో!” అన్నారు మూర్తిగారు. ముఖమంతా మసి, పళ్లు మాత్రం తెల్లగా. నేను పేస్టింగ్ సెక్షన్‌కు పోయి చెప్పాను. అక్కడి ఆడవాళ్లు పెట్టెల మీద డప్పు కొట్టారు. ఆ రాత్రి పది దాకా ఆయన బాయిలర్ వదల్లేదు. మధ్యలో ఇంటికి ఫోన్ చేసి భార్యతో, “లేదు, మీటింగ్ కాదు. బాయిలర్ నడుపుతున్నాను. అవును, నేనే,” అని చెప్పడం విన్నాను. ఆయన దగ్గర పనిచేస్తున్న ఎనిమిదేళ్లలో ఆ గొంతు అంత హుషారుగా ఎప్పుడూ వినలేదు.

మర్నాడు పొద్దున నా గదిలోకి వచ్చారు. “రోస్టర్‌లో ఎక్కడెక్కడ ఖాళీ వస్తుందో అక్కడ నా పేరు రాయండి. ఇరవై ఒకటీ తీసుకోమనండి వాణ్ణి.”

రబ్బరు అరిగింది ఆ రోజే. ముగ్గురిలో ఎవరూ పది రోజులు దాటకుండా చూస్తే, మూర్తిగారు అయిదు షిఫ్టులు చేయాల్సి వచ్చింది. ఒక్కటీ తప్పలేదు. ప్రతిసారీ గేజ్ గ్లాస్ చూపించే చార్జి తీసుకున్నారు. వట్టిగా పోయిన ఎనిమిదిలో ఒకటి వారపు సెలవు కాబట్టి యాదగిరి ఈఎల్‌లో ఏడు రోజులు తగ్గాయి. అందులో రెండు రోజులు క్యాజువల్ లీవు కింద పోయాయి. మిగిలిన అయిదు రోజులకు మూర్తిగారు “ప్రత్యేక సెలవు, జీతంతో” అని రాసి సంతకం పెట్టారు. అలాంటి సెలవు మా కంపెనీలో అంతకుముందు లేదు.

పన్నెండో రోజు నేను పోతిరెడ్డిపల్లి వెళ్లాను. వాకిట్లో యాదగిరి పీట మీద కాళ్లు చాపుకొని కూర్చున్నాడు. కాళ్ల మీద బిడ్డ బోర్లా ఉంది. మోచేతితో నీళ్లు చూశాడు, చెంబుతో చన్నీళ్లు కలిపాడు, మళ్లీ చూశాడు.

“బాయిలరోడు గద, నీళ్లు కాగబెట్టుడు మంచిగ తెలుసు,” అంది రాజమణి గుమ్మంలోంచి. “నా మొగనికి నేను నలుగురిని కన్న. ఒక్కనాడు చెంబు అందియ్యలే.”

“ఇప్పుడు నేర్పియ్యి పిన్నీ, నీ మనుమలకు పోస్తడు,” అన్నాడు యాదగిరి బిడ్డ వీపు రుద్దుతూ.

శాంత మంచం మీద నుంచి నా చెయ్యి పట్టుకుంది. “అక్కా, చన్నీళ్లు ముట్టనిస్తలేడు. తలకు బట్ట తియ్యనిస్తలేడు. మా అమ్మ ఉన్నా గింత సతాయించకపోవు.” ఫిర్యాదు చేస్తున్నట్టే ఉంది, చెయ్యి మాత్రం వదల్లేదు.

ముగ్గురి బదులు సెలవులూ రెండు నెలల్లోపు ఇచ్చేశాను. యాదగిరి ఒక్కొక్కరికి వాళ్లడిగిన ఆదివారమే పని చేసి తీర్చాడు. శాంత ఇరవై ఆరు వారాలూ వాడుకొని సంక్రాంతికి ముందు పనిలోకి వచ్చింది. బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండుసార్లు విరామం ఇవ్వాలని చట్టం. ఆ వేళలు నేనే సెక్షన్ సూపర్‌వైజర్‌కు చెప్పి పెట్టాను.

తర్వాతి ఏప్రిల్‌లో మా కంపెనీ సెలవుల నియమాల్లో ఒక కొత్త వరస చేరింది: కార్మికుడి భార్య ప్రసవిస్తే అయిదు రోజులు, జీతంతో. యజమానుల దగ్గరికి కాగితం తీసుకుపోయింది మూర్తిగారే. “ఎక్కువ అడిగితే అసలే రాదండీ. ముందు ఈ తలుపు తెరుచుకోనివ్వండి,” అన్నారు. ఇప్పటికి నలుగురు తండ్రులు ఆ సెలవు తీసుకున్నారు. నాలుగోవాడు ప్రదీప్. ఒడిశా పోయి రావడానికే మూడు రోజులు పట్టిందని, బిడ్డను రెండు రోజులే ఎత్తుకున్నానని వచ్చి చెప్పాడు. అయినా నవ్వుతూనే చెప్పాడు, ఫోన్‌లో ఫొటోలు చూపిస్తూ.

ఈ కేసు నాకు నేర్పింది ఇది. సెలవు లెక్క వేసేటప్పుడు చట్టంలో ఎంత రాసి ఉందో చూడటం నా పని. ఆ ఇంట్లో ఎవరున్నారు, ఎన్ని రోజులు మనిషి కావాలి అని అడగడం కూడా నా పనేనని ఆ ఆషాఢం దాకా నాకు తెలియదు. ఇప్పుడు ఏ తండ్రి వచ్చి కూర్చున్నా ముందు అదే అడుగుతాను. తొట్టెల దాకా కావలసినవి ఇరవై ఒకటి. మేము ఇస్తున్నవి అయిదు. ఒక్కొక్క తండ్రికి ఇంకా బాకీ పదహారు రోజులు.